నిద్ర కోసం రోజూ అవిల్: 68 ఏళ్ల నాన్నగారికి ఇలా కొనసాగించొచ్చా?

మారతహళ్లి_మూర్తి
నాన్నగారికి 68. బీపీ ఉంది, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నారు. ఊళ్లో ఉన్నప్పుడు రాత్రి నిద్రకి అల్ప్రాజోలం మాత్ర వేసుకునేవారు. బెంగళూరు వచ్చాక డాక్టర్ చీటీ లేనిదే ఇవ్వం అన్నారు షాపులవాళ్లు. ఒక షాపులో మాత్రం "ఇది ఎలర్జీ మాత్రే, నిద్ర కూడా పడుతుంది" అని అవిల్ 25 ఇచ్చారు. మూడు నెలలైంది. మొదట్లో ఒకటి వేసుకునేవారు, ఇప్పుడు రెండు. నోరు ఎండిపోతోందంటున్నారు, మలబద్ధకం, పొద్దున పదింటి దాకా మబ్బు. బాత్రూంలో చాలాసేపు నిలబడాల్సి వస్తోంది. మొన్న రాత్రి మూడింటికి లేచి ఇది ఏ ఊరని అడిగారు. ఇదంతా వయసు వల్లా, మాత్ర వల్లా? మాత్ర వల్లయితే ఒక్కసారిగా ఆపేయొచ్చా?

నైట్‌షిఫ్ట్_నాని
వయసే అయ్యుంటుంది బ్రో. అవిల్ ఎప్పట్నుంచో ఉన్న మందు, దురదకి చిన్నపిల్లలకి కూడా ఇస్తారు. అమెరికాలో ఇదే జాతి మందుని నిద్రమాత్రగా సూపర్‌మార్కెట్లో అమ్ముతారు. ప్రమాదమైతే అలా వదిలేస్తారా? అల్ప్రాజోలం కంటే నయమే కదా, అలవాటు పడదు.

కౌంటర్_మాధవ
నాని గారూ, అమెరికాలో అమ్మే మాట నిజమే. అక్కడ నిద్రకి అమ్మేవి రెండు, డైఫెన్‌హైడ్రమిన్, డాక్సిలమిన్. ఆ డబ్బా మీద ఏం రాసుంటుందో కూడా చెప్పుకోవాలి. డైఫెన్‌హైడ్రమిన్ అయితే పడుకునే ముందు 50 మి.గ్రా., డాక్సిలమిన్ అయితే 25 మి.గ్రా. 12 ఏళ్ల లోపు పిల్లలకి వద్దు. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నా, ప్రోస్టేట్ వల్ల మూత్రం ఇబ్బంది ఉన్నా డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. రెండు వారాలు దాటినా నిద్ర సమస్య తగ్గకపోతే ఆపి డాక్టర్‌ని కలవమని ఉంటుంది. అంటే అది రెండు మూడు రాత్రుల అవసరానికి అమ్మే మందు.

ఇక మన దగ్గర సంగతి. అల్ప్రాజోలం, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు మందుల నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అది అమల్లో ఉంది. చీటీ చూడాలి, పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. అవిల్ లాంటి ఎలర్జీ మందులు, అంటే యాంటీహిస్టమిన్లు, షెడ్యూల్ జిలో ఉన్నాయి. వాటి లేబుల్ మీద వైద్య పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదకరం అన్న హెచ్చరిక ఉండాలి. అయితే షాపులో స్ట్రిప్ నుంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు. హెచ్చరిక, మందు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. పెద్దాయన చేతికి తెల్ల మాత్రలు మాత్రమే వస్తాయి. నిద్రమాత్ర అడిగినవాళ్లకి చీటీ లేదని ఇది చేతిలో పెట్టడం తప్పు. షాపులో కూర్చునేవాడిగానే ఈ మాట అంటున్నాను.

రాయలసీమ_రమణ
రెండు వారాల మందు మూడు నెలలా!

జయనగర్_డాక్టరమ్మ
మూర్తి గారూ, మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. అవిల్‌లో ఉండేది ఫెనిరమిన్. పాతతరం యాంటీహిస్టమిన్. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది, అందుకే మగత. కానీ అక్కడితో ఆగదు, ఎసిటైల్‌కోలిన్‌ని కూడా అడ్డుకుంటుంది. లాలాజలం ఊరాలన్నా, పేగు కదలాలన్నా, మూత్రసంచి ముడుచుకోవాలన్నా, కొత్త సంగతి గుర్తుండాలన్నా అదే కావాలి. మీ నాన్నగారికి నోరు, పేగు, మూత్రం, బుర్ర నాలుగూ దెబ్బతిన్నాయి. టామ్సులోసిన్ ఒకపక్క గేటు తీస్తుంటే అవిల్ ఇంకోపక్క నుంచి మూసేస్తోంది.

రాత్రిపూట ఊరు తెలియకపోవడాన్ని మతిమరుపు మొదలైందని అనుకోవద్దు. రోజుల్లో, వారాల్లో వచ్చిన తికమక అయితే ముందు మందుల్ని అనుమానించాలి, ఆ తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, మూత్రం నిలిచిపోవడం. 65 దాటినవాళ్లకి ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటుంది, బీర్స్ క్రైటీరియా అంటారు. అమెరికా వృద్ధవైద్యుల సంఘం దాన్ని 2023లో సరిచేసింది. పాతతరం యాంటీహిస్టమిన్లన్నీ అందులో ఉన్నాయి.

ఈ రెండు మూడు రోజుల్లోనే ఫిజీషియన్‌కి చూపించండి. సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), యూరిన్ పరీక్ష, మూత్రం పోశాక సంచిలో ఎంత మిగులుతోందో చూసే స్కానింగ్ అడగండి. ఆరేడు గంటలు మూత్రం రాకుండా పొత్తికడుపు ఉబ్బి నొప్పి వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి. గొట్టం వేస్తే వెంటనే తగ్గుతుంది. లేనివి కనిపిస్తున్నాయన్నా, నిద్రలేపినా లేవకపోయినా, కన్ను ఎర్రబడి తలనొప్పితో చూపు మసకబారినా అంతే.

ఒక ప్రశ్న: అల్ప్రాజోలం ఎన్నాళ్లు వాడారు, ఒక్కసారే ఆగిపోయిందా?

మారతహళ్లి_మూర్తి
అల్ప్రాజోలం 0.25 ఏడాది పైనే వాడారు. ఊరి నుంచి వచ్చిన రోజే ఆగిపోయింది. ఇప్పుడు వేసుకునేవి ఇవి. టామ్సులోసిన్ 0.4 రాత్రి, టెల్మిసార్టన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రాత్రి, మాంటెలుకాస్ట్ లెవోసెట్రిజిన్ కలిసిన మాత్ర రాత్రి (ఇక్కడికి వచ్చాక తుమ్ములని ఇచ్చారు), జలుబు చేస్తే ఒక కోల్డ్ టాబ్లెట్, పైన అవిల్ రెండు.

ఫార్మా_పంతులు
ఈ లిస్టు చూస్తే భయమేస్తోంది. రాత్రిపూట నాలుగు రకాల మాత్రలు ఒకేసారి లోపలికి పోతున్నాయి.

ఒకటి నుంచి రెండు మాత్రలకి ఎందుకు పెరిగిందో ముందు చెప్పనివ్వండి. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి డైఫెన్‌హైడ్రమిన్ 50 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఇచ్చి మగత కొలిచారు. మొదటి రోజు మగత బాగా కనిపించింది. నాలుగో రోజుకి ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. అంటే మగత గుణానికి ఒళ్లు మూడు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతుంది. నోరు ఎండటం, మూత్రం బిగుసుకోవడం ఆ వేగంతో తగ్గవు. డోసు పెంచితే నిద్ర కొంచెమే పెరుగుతుంది, మిగతా బాధ మాత్రం పూర్తిగా పెరుగుతుంది. "అలవాటు పడదు" అని నాని గారు అన్నది ఇక్కడే తప్పింది.

నైట్‌షిఫ్ట్_నాని
సరే, ఫెనిరమిన్ సంగతి ఒప్పుకుంటాను. డైఫెన్‌హైడ్రమిన్ అయితే పొద్దున్నకల్లా దిగిపోతుంది కదా? అందుకే కదా దాన్నే నిద్రకి పెట్టారు?

ఫార్మా_పంతులు
లెక్క వేద్దాం. ఒంట్లో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం డైఫెన్‌హైడ్రమిన్‌కి పెద్దవాళ్లలో సుమారు 9 గంటలు, వృద్ధుల్లో 13 గంటలు పైనే. రాత్రి 11కి 50 మి.గ్రా. వేసుకుంటే వయసులో ఉన్నవాడికి పొద్దున 8కి దాదాపు 25 మి.గ్రా. ప్రభావం మిగిలే ఉంటుంది. అదే 70 ఏళ్లాయనకి ఆ సగం మధ్యాహ్నం భోజనం వేళకి గానీ రాదు.

ఫెనిరమిన్ ఇంకా నెమ్మది, నోటిద్వారా తీసుకుంటే 16 నుంచి 19 గంటలు. 18 అనుకోండి. రెండో రాత్రి మాత్ర వేసుకునేసరికి మొదటి దాంట్లో 40 శాతం ఒంట్లోనే ఉంటుంది. దాని మీద కొత్తది. నాలుగైదు రోజుల్లో స్థిరపడేసరికి ఒక్క మాత్ర ఇచ్చే స్థాయికి ఒకటిన్నర రెట్లు దాటి ఉంటుంది. పొద్దున పదింటి దాకా మబ్బు అని మూర్తి గారు రాసింది ఇదే. ఇదే జాతికి చెందిన క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ కూడా ఇరవై గంటల చుట్టుపక్కలే.

కేఆర్‌పురం_కమల
మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లకి అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన డబ్బాలు వస్తాయి. జిక్విల్, యూనిసమ్, టైలెనాల్ పీఎం. "పీఎం" అంటే రాత్రిపూట నొప్పి మాత్ర అనుకుని మోకాళ్ల నొప్పులకి వేసుకుంటున్నారు పెద్దవాళ్లు. అన్నిట్లోనూ ఇదే మందా?

రాయలసీమ_రమణ
అమెరికా సూట్‌కేసు విప్పితే బాదంపప్పు, చాక్లెట్ల కింద గ్యారంటీగా ఇవే ఉంటాయి.

కౌంటర్_మాధవ
కమల గారూ, అవును, కాకపోతే చిన్న చిన్న తేడాలున్నాయి. జిక్విల్‌లో డైఫెన్‌హైడ్రమిన్. టైలెనాల్ పీఎం ఒక్కో మాత్రలో పారాసెటమాల్ 500, డైఫెన్‌హైడ్రమిన్ 25. రెండు వేసుకోమని ఉంటుంది కాబట్టి ఒక రాత్రికి 1000 పారాసెటమాల్. అక్కడ దాని పేరు ఎసిటమినోఫెన్ అని రాసుండటంతో మనవాళ్లకి తెలియదు. పైన డోలో 650 పగలు మూడు వేస్తే మొత్తం 2950. బరువు తక్కువున్న పెద్దవాళ్లకి, తాగేవాళ్లకి లివర్ మీద అది మంచిది కాదు.

యూనిసమ్ దగ్గర ఇంకో చిక్కు. స్లీప్‌ట్యాబ్స్ అంటే డాక్సిలమిన్ 25, స్లీప్‌జెల్స్ అంటే డైఫెన్‌హైడ్రమిన్ 50. ఒకే పేరు, వేర్వేరు మందులు. పేరు చూసి మందు గుర్తుపట్టొద్దు, వెనకవైపు "యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్" గడిలో చూడాలి.

కేఆర్‌పురం_కమల
డాక్సిలమిన్ గర్భిణులకి వాంతులకి ఇస్తారు కదా. అంత సేఫ్ అయితే పెద్దవాళ్లకి ఎందుకు కాదు?

జయనగర్_డాక్టరమ్మ
పాతికేళ్ల అమ్మాయికి కిడ్నీలు, మెదడు, మూత్రసంచి బాగుంటాయి. డాక్టర్ చూస్తూ 10 మి.గ్రా. డాక్సిలమిన్, 10 మి.గ్రా. పిరిడాక్సిన్ కలిపి కొన్ని వారాలు ఇస్తారు. కడుపులో బిడ్డకి హాని లేదని ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. ఆ భరోసా బిడ్డ గురించి. తాతగారికి పనికిరాదు.

కోరమంగళ_కిట్టు
మరి దగ్గు సిరప్? నిద్ర రాని రోజు రెండు మూతలు తాగేవాళ్లు పీజీల్లో చాలామంది. సిరప్ కాబట్టి తేలిక అని.

కౌంటర్_మాధవ
తేలిక కాదు కిట్టూ. బెనాడ్రిల్ పాత ఫార్ములాలో 5 మి.లీ.కి డైఫెన్‌హైడ్రమిన్ దాదాపు 14 మి.గ్రా. ఉంటుంది, అమ్మోనియం క్లోరైడ్ 138 మి.గ్రా., సోడియం సిట్రేట్ కొంత. 10 మి.లీ. మూత రెండుసార్లు నిండా తాగితే 56 మి.గ్రా. డైఫెన్‌హైడ్రమిన్, అంటే నిద్ర డోసు దాటిపోయింది. దాంతోపాటు అక్కర్లేని అమ్మోనియం క్లోరైడ్, పంచదార. కడుపులో తిప్పడం దానివల్లే. అదే బ్రాండు పేరుతో వేరే ఫార్ములాలు కూడా వస్తాయి, కొన్నిట్లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు మందు ఉంటుంది. డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ లాంటివి వాడేవాళ్లు దాన్ని ఊరికే తాగకూడదు. సిరప్ తాగి పైన బీరు తాగితే మత్తు కూడుకుంటుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మోతాదు బాగా మించితే మగత దాటిపోయి తిరగబడుతుంది. ఒళ్లు వేడెక్కి ఎర్రబడుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, లేనివి కనబడతాయి, గుండె దడ, ఫిట్స్. గుండెలోని సోడియం ద్వారాలను కూడా ఇది అడ్డుకుంటుంది కాబట్టి లయ తప్పుతుంది. 2020 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డైఫెన్‌హైడ్రమిన్ గురించే ప్రత్యేకంగా హెచ్చరించింది, పిల్లలు ఇంటర్నెట్ పందేల కోసం మింగి చనిపోయిన తర్వాత. ఎవరైనా ఎక్కువ మింగారని తెలిస్తే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, స్ట్రిప్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

గోదారి_గోపి
అసలు విషయం ఎవరూ అనట్లేదు. ఈ మందులు వాడితే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తుందని రుజువైపోయింది. మూర్తి గారూ, ఇవాళే చెత్తబుట్టలో పడేయండి.

లెక్కల_లక్ష్మి
రుజువు కాలేదు గోపి గారూ. మీరంటున్నది 2015లో సియాటిల్ నుంచి వచ్చిన అధ్యయనం అయ్యుంటుంది. 65 దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకి పైగా గమనించారు. ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే మందుల్ని అన్నీ కలిపి చూసినప్పుడు ఎక్కువ మోతాదు, మూడేళ్లు పైబడి వాడినవాళ్లలో డిమెన్షియా రేటు సుమారు ఒకటిన్నర రెట్లుంది. అందులో డిప్రెషన్ మందులు, మూత్రసంచి మందులు కూడా ఉన్నాయి. 2019లో బ్రిటన్ నుంచి ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది, దాదాపు 59 వేల మంది డిమెన్షియా రోగులతో. దాంట్లో కొన్ని రకాల మందులకి సంబంధం కనబడింది గానీ యాంటీహిస్టమిన్లకి చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. రెండూ గమనించిన లెక్కలే, మందు ఇచ్చి పరీక్షించినవి కావు. నిద్ర పట్టకపోవడమే డిమెన్షియాకి తొలి లక్షణం అయ్యుండొచ్చు, అప్పుడు మాత్ర కారణం కాదు, సాక్షి మాత్రమే.

గోదారి_గోపి
అయితే ధైర్యంగా వేసుకోమంటారా?

లెక్కల_లక్ష్మి
ఆ మాట నేను అనలేదండీ. డిమెన్షియా విషయం తేలకపోయినా పడిపోవడం, తికమక, మూత్రం ఆగడం, పగటి మగత ఇవన్నీ తేలినవే. ఆపించడానికి అవే చాలు. తేలని దాంతో భయపెడితే రేపు ఎవరో "అది అబద్ధం" అనగానే తేలినవి కూడా నమ్మడం మానేస్తారు.

జయనగర్_డాక్టరమ్మ
లక్ష్మి గారితో నేను ఏకీభవిస్తాను. ఆసుపత్రికి వచ్చేది తుంటి ఎముక విరిగి. రాత్రి రెండింటికి మూత్రానికి లేచి, మగతలో, మసక చూపుతో, బాత్రూం గుమ్మం దగ్గర పడిపోతారు.

మూర్తి గారూ, మీ లిస్టు చూశాను. మూడు సంగతులు డాక్టర్‌తో మాట్లాడండి. ఒకటి, బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ నీరు తీసే మందు. దాన్ని రాత్రి వేసుకుంటే రాత్రంతా లేవాల్సిందే. పొద్దుటికి మార్చొచ్చా అని అడగండి. సోడియం తగ్గించేది కూడా అదే, అందుకే పరీక్ష. రెండు, కోల్డ్ టాబ్లెట్. చాలావాటిలో పారాసెటమాల్, ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్‌తోపాటు క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది కూడా పాతతరమే. అవిల్ మీద అది వేసుకున్న రోజు రెట్టింపు దెబ్బ, ఫినైలెఫ్రిన్ వల్ల మూత్రం ఇంకా బిగుస్తుంది. మూడు, మాంటెలుకాస్ట్. దాంతో నిద్ర చెడటం, పీడకలలు, ఆందోళన రావచ్చని 2020 మార్చిలో ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది. తుమ్ములకి మాత్రమే అయితే అది లేకుండానే సరిపెట్టొచ్చు. నిద్ర చెడగొట్టే మాత్ర ఒకటి, దానికి విరుగుడుగా అవిల్ ఇంకోటి నడుస్తున్నాయేమో చూడాలి.

అల్ప్రాజోలం ఏడాది వాడి ఒక్కసారే ఆపితే కొన్ని వారాలు నిద్ర పూర్తిగా చెడుతుంది. అవిల్ మొదలైంది ఆ రోజుల్లోనే. ఇప్పటికి ఆ ప్రభావం పోయుంటుంది.

బనశంకరి_బాలు
తుమ్ములకి ఏం వాడాలి మరి? ఇక్కడ వయ్యారిభామ మొక్క ఖాళీ సైటు కనిపిస్తే చాలు పెరిగిపోతుంది, ఎలర్జీ మాత్ర లేకుండా ఏడాదిలో సగం రోజులు గడవదు.

ఫార్మా_పంతులు
రెండోతరం మందులు ఉన్నాయి. ఫెక్సోఫెనాడిన్ 120 లేదా 180, బిలాస్టిన్ 20. మెదడులోకి వెళ్లబోతే పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు వీటిని బయటికి తోసేస్తుంది, అందుకే మగత దాదాపు ఉండదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొంతమందికి మగత తెస్తాయి, కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఫెక్సోఫెనాడిన్ నీళ్లతోనే వేసుకోవాలి, బత్తాయి, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. ముక్కు ఎలర్జీ నెలల తరబడి ఉంటే ఫ్లూటికసోన్ లాంటి ముక్కు స్ప్రే మాత్రల కంటే బాగా పనిచేస్తుంది. స్ప్రే కొట్టేటప్పుడు కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి వాడితే మందు మధ్య గోడకి తగలకుండా పక్కకి పోతుంది, రక్తం కారదు.

కోరమంగళ_కిట్టు
డాక్సెపిన్ కూడా హిస్టమిన్‌ని అడ్డుకునే నిద్రమందే కదా పంతులు గారూ? దాన్ని మాత్రం బాగుందంటారు.

ఫార్మా_పంతులు
మంచి ప్రశ్న. డోసులో ఉంది కిటుకు. 3, 6 మి.గ్రా. దగ్గర డాక్సెపిన్ దాదాపు హిస్టమిన్ మీదే పనిచేస్తుంది, ఎసిటైల్‌కోలిన్ జోలికి వెళ్లదు. మధ్యరాత్రి మెలకువ వచ్చేవాళ్ల కోసం 2010లో అమెరికాలో ఆ డోసుకి అనుమతి వచ్చింది. బీర్స్ పట్టిక కూడా 6 దాటితేనే వద్దంటుంది. అమెరికా నిద్రవైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో డైఫెన్‌హైడ్రమిన్‌ని నిద్రకి వాడొద్దని ఉంది, డాక్సెపిన్‌ని మాత్రం వాడొచ్చంది. ఇక్కడ ఎక్కువగా దొరికేవి పెద్ద డోసులు, వాటిని ఇంట్లో ముక్కలు చేసుకుని వాడకూడదు.

రాయలసీమ_రమణ
అవిల్ ఆపే సంగతి తేల్చండి. గోపి గారు ఇవాళే పారేయమన్నారు, డాక్టరమ్మ గారు ఏం చెప్పలేదు.

జయనగర్_డాక్టరమ్మ
మూత్రం ఆగినా, తికమక పగలు కూడా ఉన్నా ఒక్కసారే ఆపాలి, ఆసుపత్రి పర్యవేక్షణలో. అంత లేకపోతే, మూడు నెలలు వాడారు కాబట్టి మెట్లు దిగినట్టు దించడం మేలు. ఒక్కసారే ఆపితే రెండు మూడు రోజులు చెమట, వికారం, చిరాకు, నిద్రలేమి రావచ్చు. అది చూసి "మాత్ర లేకపోతే బతకలేను" అని మళ్లీ మొదలెడతారు. మీ డాక్టర్ ఒప్పుకుంటే: రేపటి నుంచి రెండు కాదు, ఒక్కటే. వారం తర్వాత సగం. ఇంకో వారం తర్వాత ఆపేయడం. షాపులో మాత్రలు కోసే చిన్న డబ్బా దొరుకుతుంది, కత్తితో కోస్తే ముక్కలు సమంగా రావు. ఆపిన మూడు నాలుగు రాత్రులు నిద్ర తక్కువే ఉంటుందని నాన్నగారికి ముందే చెప్పండి. చెప్పకపోతే ఆ రాత్రే మళ్లీ షాపుకి వెళ్తారు.

గోదారి_గోపి
సరే, చెత్తబుట్ట మాట వెనక్కి తీసుకుంటున్నా. రెండు వారాల్లో వేద్దాం.

ఇందిరానగర్_ఇందు
మాత్ర తీసేస్తే ఆ స్థానంలో ఏదో ఒకటి ఉండాలిగా. నిద్రలేమికి మొదటి చికిత్స మందులు కాదు, సీబీటీ-ఐ అనే పద్ధతి, అంటే నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చే చికిత్స. దాన్లో అసలు పట్టు మంచం మీద గడిపే సమయం తగ్గించడం. పెద్దవాళ్లు రాత్రి తొమ్మిదికి పడుకుని పొద్దున ఆరు దాకా మంచం మీదే దొర్లుతారు. తొమ్మిది గంటల్లో నిద్ర ఐదున్నర గంటలే.

చేయాల్సింది: వారం రోజులు కాగితం మీద పడుకున్న వేళ, నిద్రపట్టిన వేళ, మెలకువలు, లేచిన వేళ రాయండి. సగటు నిద్ర ఐదున్నర గంటలైతే మంచం మీద ఆరు గంటలే. పొద్దున ఐదున్నరకి లేవడం ఖాయం చేసుకుని, రాత్రి పదకొండున్నరకి ముందు మంచం ఎక్కకూడదు. పడుకున్న సమయంలో 85 శాతం నిద్ర ఉంటే వారం తర్వాత 15 నిమిషాలు ముందుకి జరపాలి. ఐదున్నర గంటల కంటే ఎప్పుడూ తగ్గించొద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, గడియారం చూడకూడదు. మధ్యాహ్నం కునుకు అరగంట లోపే, మూడింటి లోపే. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, రెండో వారానికి ఫలితం కనిపిస్తుంది.

ఫిట్స్, బైపోలార్ ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లో సొంతంగా చేయకూడదు. పడిపోయే భయం ఉన్న మూర్తి గారి నాన్నగారికి మంచం సమయం ఆరున్నర గంటలతో మొదలెట్టి, బాత్రూం దారిలో లైటు పెట్టండి. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

నైట్‌షిఫ్ట్_నాని
ఇంట్లో గురక కూడా ఉంటే?

జయనగర్_డాక్టరమ్మ
గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పగలు కునికిపాట్లు, బీపీ ఉంటే స్లీప్ అప్నియా పరీక్ష చేయించాలి. రాత్రి పదే పదే మూత్రానికి లేవడం కూడా దాని గుర్తే. ఇంకోటి మర్చిపోతారు: పడుకోగానే కాళ్లు లాగుతూ, కదిపితే తప్ప ఊరుకోని బాధ. రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి దాన్ని ఇంకా పెంచుతాయి. నిద్ర రాలేదని మాత్ర, మాత్ర వల్ల కాళ్లు, కాళ్ల వల్ల నిద్ర లేదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించండి. 75 లోపుంటే ఐరన్ గురించి డాక్టర్‌ని అడగాలి, హిమోగ్లోబిన్ బాగున్నా సరే.

ఓఆర్‌ఆర్_ట్రాన్స్‌పోర్ట్
నైట్ క్యాబ్‌లు పంపేవాళ్లకి ఇది ముఖ్యం. డ్రైవర్లు జలుబు మాత్ర వేసుకుని తెల్లవారుజామున డ్రాప్ ఎక్కుతారు. దీనికి పరీక్ష ఏమన్నా ఉందా?

లెక్కల_లక్ష్మి
2000లో అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద 40 మందిని పరీక్షించారు. డైఫెన్‌హైడ్రమిన్ 50 మి.గ్రా. వేసుకున్నవాళ్లు రక్తంలో 0.1 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల కంటే ఘోరంగా నడిపారు. ఫెక్సోఫెనాడిన్ వేసుకున్నవాళ్లు మామూలుగానే నడిపారు. ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి: ఎంత మగతగా ఉందో వాళ్లు చెప్పిన దానికీ నడిపిన తీరుకీ పెద్దగా పొంతన లేదు. "నాకు నిద్ర రావట్లేదు సార్" అన్న డ్రైవర్ మాట ఇక్కడ చెల్లదు. మన దగ్గర ఆల్కహాల్ హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా., అంటే 0.03 శాతం. ఊదుడు గొట్టం మాత్రని పట్టుకోదు గానీ, మందు ప్రభావంతో అదుపు లేకుండా బండి నడిపినా మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వర్తిస్తుంది.

ఓఆర్‌ఆర్_ట్రాన్స్‌పోర్ట్
డ్యూటీ ముందు మాత్ర స్ట్రిప్ ఫొటో పెట్టమని గ్రూపులో రాశాను. క్లోర్‌ఫెనిరమిన్ కనబడితే ఆ రాత్రి బండి ఇవ్వం, జీతం కొయ్యం. కొస్తే దాచేస్తారు.

హోసూర్‌రోడ్_హేమ
మడివాళ నుంచి రాత్రి బస్సెక్కే ముందు పిల్లలకి ఫెనర్గాన్ సిరప్ పట్టించేవాళ్లు ఎక్కువ. విజయవాడ దాకా లేవకూడదని. ఏడాదిన్నర పిల్లకి ఇవ్వొచ్చా అని మా చెల్లి అడుగుతోంది.

జయనగర్_డాక్టరమ్మ
ఇవ్వకూడదు హేమ గారూ. ఫెనర్గాన్ అంటే ప్రోమెథాజిన్. రెండేళ్ల లోపు పిల్లల్లో శ్వాస మందగించి ప్రాణం పోయిన కేసుల వల్ల 2004లో ఎఫ్‌డీఏ ఆ వయసుకి పూర్తిగా వద్దంది. రెండేళ్లు దాటినా ప్రయాణంలో నిద్రపుచ్చడానికి వాడే మందు కాదు. కొంతమంది పిల్లలకి తిరగబడి రాత్రంతా ఏడుస్తారు, గెంతుతారు. చీకటి బస్సులో, దుప్పటి కింద పిల్ల ఊపిరి ఎలా తీసుకుంటోందో ఎవరూ చూడలేరు. జలుబు సిరప్ కూడా వద్దు: క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసినవి నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని మన డ్రగ్స్ కంట్రోలరే 2023 డిసెంబరులో లేబుల్ మీద రాయమన్నారు.

హోసూర్‌రోడ్_హేమ
మరి వాంతులైతే?

జయనగర్_డాక్టరమ్మ
ఈ వయసులో ప్రయాణపు వాంతులు తక్కువే. బస్సెక్కడానికి గంట ముందు కొంచెం ఇడ్లీయో అన్నమో పెట్టి, పాలు కడుపునిండా తాగించకుండా ఉంటే చాలు. ముందు చక్రాలకి దగ్గరగా, కింది బెర్త్ తీసుకోమనండి. తల్లి పాలు తాగే పిల్లయితే తల్లి కూడా ఆ రాత్రి అవోమిన్ లాంటివి వేసుకోకూడదు, అది కూడా ప్రోమెథాజినే. ఇంట్లో ఆ సీసా ఉంటే లేబుల్ మీద తేదీ చూసి, పిల్లకి అందని అలమారలో పెట్టమనండి.